ఎనిమిదో అంతస్తు పావురాలు

పొద్దున్నే లేచి ముఖం కడుక్కుని, కొంగు నడుముకు చుట్టుకుని, శకుంతలమ్మ తలుపు తీసి బయటికి వచ్చేది. ఎదురుగా లిఫ్టు. ఎక్కడికి పోవాలో తోచేది కాదు. కాసేపు నిలబడి మెట్ల మీదుగా కిందికి దిగేది, మళ్లీ ఎక్కేది. అయిదో అంతస్తు ఇల్లు. రోజుకు ఎన్నిసార్లు అట్లా దిగి ఎక్కేదో ఆమెకే తెలియదు.

కొండకల్‌లో వాళ్ల పొలాన్నీ పక్కవాళ్ల పొలాలనూ కలిపి తీసుకుని బిల్డరు ఈ అపార్టుమెంట్లు కట్టి కొన్నేళ్లయింది. పొలం కింద వచ్చిన ఫ్లాట్లలో ఒకదానిలోకి, ఊళ్లో పాత ఇల్లు వదిలి, ఆ ఎండాకాలంలోనే గృహప్రవేశం చేసి, మిగతావి కిరాయికిచ్చారు. ఒక్కతే కూతురు అనూహ్య, పెళ్లై గండిపేటలో ఉంటుంది. భర్త జంగయ్యకు ఈ ఇల్లు సుఖంగానే ఉంది. తెల్లంగీ వేసుకుని కారు తీసుకుని మొయినాబాద్ పోతాడు. అక్కడ హోటల్లో తన పార్టీవాళ్లతో కూర్చుంటే మధ్యాహ్నం అన్నం వేళ దాకా పొద్దు తెలియదు. ఒకప్పుడు వార్డు మెంబరు, ఈసారి సర్పంచ్‌కు నిలబడాలని చూస్తున్నాడు. ఇంటిపనికి మనిషిని కూడా అతనే కుదిర్చాడు. "ఇగ నువ్వు కాలు మీద కాలేసుకోని కూసో. ఎన్నేండ్లు కష్టపడ్డవ్" అన్నాడు భార్యతో. కూర్చోవడమే ఆమెకు చేతకాని పని.

పావురాల సంగతి ఆమెకు వానాకాలం మొదట్లో పట్టింది. పుట్టినిల్లు సురంగల్ నుంచి అన్న పంపిన జొన్నల్ని బాల్కనీలో బట్ట పరిచి ఎండబోసింది. లోపలికి పోయి వచ్చేలోగా బట్టంతా బూడిదరంగు రెక్కలే. అదిలిస్తే లేచి రెయిలింగు మీద కూర్చున్నాయి. ఆమె వెనక్కి తిరగగానే మళ్లీ దిగాయి. ఎగిరినా దూరం పోలేదు. భయం లేదు వాటికి.

చిన్నప్పుడు సురంగల్‌లో జొన్నచేలకు కావలి కాసింది శకుంతలమ్మే. మంచె మీద నిలబడి కేకపెడితే మూడు చేల అవతలి చిలకలు కూడా లేచిపోయేవని అనేవాళ్లు. ఆ కేక ఇప్పుడు మళ్లీ గొంతులోకి వచ్చింది.

"హోయ్... హా! హోయ్!"

పావురాలు లేచాయి. ఎదుటి బ్లాకులో రెండు కిటికీలు కూడా తెరుచుకున్నాయి.

అప్పటినుంచి ఆమెకు అదే పని. జొన్నలు డబ్బాలోకి ఎత్తిన తర్వాత కూడా పావురాలు రావడం మానలేదు. ఏసీ పెట్టె మీద, పైపుల సందుల్లో, ఆరేసిన బట్టల మీద. పొద్దంతా గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు మూలుగుతూనే ఉండేవి. రెట్టలు ఎంత కడిగినా తెల్లారేసరికి మళ్లీ కుప్పలు. కర్ర చివర ప్లాస్టిక్ కవరు కట్టి ఊపింది. పళ్లెం మీద గరిటెతో కొట్టింది. వారం తిరక్కుండానే అపార్టుమెంటు అసోసియేషన్ సెక్రటరీ ఉజ్వల్ వచ్చి బెల్లు కొట్టాడు. విజయవాడవాళ్ల అబ్బాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"ఆంటీ, ఏమనుకోకండి. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లు కంప్లైంట్ చేస్తున్నారు. మీ కేకలు వాళ్ల మీటింగుల్లో వినిపిస్తున్నాయంట."

"మరి గీ పావురాల సంగతేంది బిడ్డా? పొలంల మా బాయిల ఓ పది గువ్వలుండె. వాటి జోలికి మేం పోలే, మా జోలికి అవి రాలే. ఇవేంది, దండు లెక్క దిగుతున్నయ్?"

"ఎనిమిదో ఫ్లోర్‌లో రాజ్యలక్ష్మి ఆంటీ వాళ్లు గింజలు వేస్తారు, అందుకే. చాలాసార్లు చెప్పాం, వినరు. మీరు నెట్ పెట్టించుకోండి ఆంటీ, అదే బెస్ట్."

శకుంతలమ్మ నెట్ మాట వినిపించుకోలేదు. అప్పటికే ఆమె చూపు మెట్లవైపు పోయింది.

*

ఎనిమిదో అంతస్తులో తలుపు తీసిన రాజ్యలక్ష్మికి అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, ఇస్త్రీ చీర. భర్త వెంకటరావు కరెంటు ఆఫీసులో రిటైరయ్యాడు. తెనాలి దగ్గర్నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా హైదరాబాదులో ఉండి, ఆఖరికి ఇక్కడ ఇల్లు కొనుక్కున్నారు. ఆయన హాల్లో పేపరు చదువుతూ తల ఎత్తి నవ్వి, మళ్లీ పేపర్లోకి పోయాడు.

"అక్కా, నేను అయిదో అంతస్తుల ఉంట. శకుంతల నా పేరు. నువ్వు పావురాలకు గింజలేస్తున్నవంట."

మొదటి పరిచయంలోనే 'నువ్వు' అనడం రాజ్యలక్ష్మికి కొత్తగా అనిపించి ఒక్క క్షణం ఆగింది. తర్వాత, "మూగజీవాలు కదండీ. పిడికెడు గింజలు పెడితే మనకేం పోతుంది? లోపలికి రండి" అంది.

పిడికెడు కాదు. బాల్కనీ తలుపు పక్కన జొన్నల బస్తా ఉంది. అద్దం అవతల పావురాలు ఒకదాని వీపు మీద ఇంకొకటి తొక్కుకుంటూ ఉన్నాయి. నేల కనిపించడం లేదు. సోఫా చేతుల మీద, టీవీ మీద సన్నటి బూడిద పొర. రాజ్యలక్ష్మి మాట్లాడుతూ మధ్యమధ్య దగ్గుతోంది. తడి లేని దగ్గు, గొంతు గీరుకున్నట్టు.

"ఆ దగ్గేంది అక్కా?"

"దుమ్మండీ. చుట్టూ ఎక్కడ చూసినా కడుతూనే ఉన్నారు కదా."

అంతలో ఒక పావురం ముక్కుతో అద్దాన్ని పొడిచింది. టక్. ఇంకొకటి. టక్ టక్. రాజ్యలక్ష్మి మాట ఆపేసి గబగబా లేచింది. బస్తాలోంచి చేటెడు గింజలు తీసి, తలుపు జానెడు తెరిచి బయటికి చల్లి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. ఆమె ముఖంలో పుణ్యం చేసుకున్న తృప్తేమీ కనిపించలేదు శకుంతలమ్మకు. కుక్క వెంటపడితే ఇంట్లోకి ఉరికొచ్చి గడియపెట్టుకున్న మనిషిలా ఉంది.

కానీ ఆ రోజు అడగలేదు. "నువ్వు పెడుతుంటే మా ఇంటి మీద పడుతున్నయ్. జర బందు చేయి" అని చెప్పి వచ్చేసింది. రాజ్యలక్ష్మి, "చూస్తానండి" అంది. మరునాడు పొద్దున ఎప్పటిలాగే రెక్కల చప్పుడు.

*

శకుంతలమ్మ బట్టలారేసే నైలాన్ తాడు కోసి వడిసెల అల్లింది. కింద పూలమొక్కల దగ్గరి మట్టి తెచ్చి ఉండలు చేసి ఎండబెట్టింది. ఒకనాడు మధ్యాహ్నం, పిల్లలంతా బడికి పోయిన వేళ, తోటలో మనుషులెవరూ లేకుండా చూసి, ఎనిమిదో అంతస్తు అంచుకు గురిపెట్టి వడిసెల తిప్పింది.

మొదటి ఉండ గోడ అంచుకు తగిలి పగిలింది. పావురాలు గుంపుగా లేచి చుట్టు తిరిగాయి. రెండో ఉండకు ఇంకో గుంపు లేచింది. భుజం నొప్పి పుట్టింది గానీ ఎన్నాళ్ల తర్వాతనో చేతికి పని దొరికిన సంతోషం ఆమెను ఆగనీయలేదు. నలభై ఏళ్ల కింద ఉన్న చెయ్యి కాదని మరిచిపోయింది. మూడో ఉండ రాజ్యలక్ష్మి వాళ్ల బాల్కనీ అద్దాన్ని భళ్లుమనిపించింది.

ఆదివారం క్లబ్‌హౌస్‌లో మీటింగు పెట్టారు. అందరి ముందూ శకుంతలమ్మ నిలబడి, తప్పయిందని చెప్పింది. వెంకటరావు పెద్దమనిషిలాగే, "సరేలెండి, ఎవరికీ తగల్లేదు, అంతే చాలు" అన్నాడు. జంగయ్యకే తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చీరాగానే భార్య మీద విరుచుకుపడ్డాడు.

"సర్పంచ్‌కు నిలవడెటోని పెండ్లాం మంది ఇండ్ల మీద రాళ్లు రువ్విందంట! మొయినాబాద్ల అప్పుడే నవ్వుతున్నరు. నా ఇజ్జత్ తీస్తివి కదనే!"

"రాళ్లు కాదు, మట్టుండలు" అంది ఆమె.

అతను వడిసెల తీసుకుపోయి చెత్తబుట్టలో పడేశాడు. ఆమె అడ్డుచెప్పలేదు. ఆ సాయంత్రం మెట్లు మరింతసేపు ఎక్కి దిగింది.

మీటింగు అయిన మరునాడు బెల్లు మోగింది. రాజ్యలక్ష్మి. లిఫ్టులో వచ్చింది, అయినా ఆయాసపడుతోంది. శకుంతలమ్మ కుర్చీ జరిపి మంచినీళ్లిచ్చింది.

"అద్దం గురించేనా అక్కా? కొత్తది ఏపిస్తనన్నడు మా ఆయన."

"తిట్టడానికి రాలేదు శకుంతల గారూ." ఆమె గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. "ఆ అద్దం పగిలిన చప్పుడుకి రెండు రోజులపాటు ఒక్కటి కూడా రాలేదండి. రెండు రోజులూ నేను బాల్కనీలో నిలబడి కాఫీ తాగాను. ఎన్నేళ్లయిందో అలా తాగి."

శకుంతలమ్మ ఆమె ముఖంలోకి చూసింది.

"ఎవరో జ్యోతిష్కుడు శని పోతుందని ఒక మండలం పాటు గింజలు వెయ్యమన్నాడు. వేశాను. మండలం అయిపోయింది, ఆపుదామనుకున్నాను. ఆపితే వరసగా కూర్చుని నా వంకే చూస్తాయి. అద్దం పొడుస్తాయి. ఒకసారి కిటికీ తెరిచి ఉంటే వంటింట్లోకి వచ్చేశాయి. పొయ్యి మీద పాలల్లో ఒకటి పడింది. ఆ రోజునుంచి భయం పట్టుకుంది. మొన్న తెనాల్లో మా చెల్లెలి మనవడి అన్నప్రాసన జరిగింది, వెళ్లలేదు. వెళితే వీటికెవరు పెడతారు, తిరిగి వచ్చేసరికి ఏం చేసి ఉంటాయి? ఇదే ఆలోచన."

"మీ సారుకు చెప్పలేదా?"

"పుణ్యం చేసుకుంటూ ఆ బాధేమిటంటారు. బస్తా తెచ్చేది ఆయనే. ఆయన తెచ్చి పడేస్తారు, వేసేది నేను."

ఇన్నాళ్లూ ఈ అపార్టుమెంట్లో తనకొక్కదానికే కాలు నిలవడం లేదనుకుంది శకుంతలమ్మ.

"రేపు నేనొస్త" అంది చివరికి. "ఇద్దరం కూసుందాం. పొడిస్తే పొడవనీ. ఎంతసేపు పొడుస్తయో చూద్దాం."

వచ్చింది కూడా. ఇద్దరూ వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుంటే అవతల అప్పటికే వేయించిన కొత్త అద్దం టకటకలాడింది. మొదటి రోజు రాజ్యలక్ష్మి అరగంట ఓర్చుకుంది. రెండో రోజు ఇంకొంచెం. మూడో రోజు శకుంతలమ్మ వెళ్లేసరికే నేలంతా గింజలు చల్లి ఉన్నాయి. "ఆయన వేశారు" అంది రాజ్యలక్ష్మి, ఎటో చూస్తూ.

*

శ్రావణమాసంలో ఒకనాడు కరెంటు పోయి లిఫ్టు ఆగింది. శకుంతలమ్మ అలవాటుగా మెట్లెక్కుతుంటే ఆరో అంతస్తు మలుపులో రాజ్యలక్ష్మి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన కూరగాయల సంచి. పెదవులు నీలంగా తిరిగాయి. మాట రావడం లేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ దగ్గర గుంట పడుతోంది.

"ఏమయ్యో! కారు తీయి! జల్ది!" కేక పెట్టింది శకుంతలమ్మ. చేల మీద పెట్టే కేకే అది. అయిదో అంతస్తులో ఉన్న జంగయ్యకు వినబడింది. అతను అంగీ గుండీలు కూడా పెట్టుకోకుండా ఉరికొచ్చాడు. ఇద్దరూ కలిసి ఆమెను మెల్లగా దించారు. కేక విని పైనుంచి దిగొచ్చిన వెంకటరావు చెప్పులు కూడా లేకుండానే కారెక్కాడు.

గచ్చిబౌలి వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో ఆమెను చేర్చుకున్నారు. ఫోటోలు తీశారు, ఊపిరి ఊదించి చూశారు. మరునాడు డాక్టరమ్మ వచ్చి, ఇంకే మాటా అడగకముందే, "మీ ఇంట్లో గానీ, బాల్కనీలో గానీ పావురాలున్నాయా?" అంది.

వెంకటరావు, "ఉన్నాయండి" అన్నాడు. "గింజలు నేనే తెస్తాను."

డాక్టరమ్మ కోప్పడలేదు. ఎండిన రెట్టల పొడి, రెక్కల నుంచి రాలే నుసి ఏళ్ల తరబడి లోపలికి పోయి ఊపిరితిత్తులు వాచాయని చెప్పింది. వాపు మందులతో తగ్గుతుంది. ఇప్పటికే గట్టిపడిన చోటు మళ్లీ మెత్తబడదు. ఆ ఇల్లు శుభ్రం చేసి, వల కట్టి, పావురాలు రాకుండా చేసేదాకా ఆమె అక్కడ ఉండకూడదు.

బయట బెంచీ మీద వెంకటరావు చాలాసేపు అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. జంగయ్య చాయ్ తెచ్చిచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

ఆసుపత్రి నుంచి నేరుగా తెనాలి వెళ్లేముందు రాజ్యలక్ష్మి ఇంటి తాళంచెవి శకుంతలమ్మ చేతిలో పెట్టింది. "నాతోపాటు ఈయన్నీ తీసుకెళ్తున్నాను. ఇక్కడుంటే జాలిపడి మళ్లీ చల్లుతారు. నువ్వు చూసుకోవాలి శకుంతలా."

గారు పోయి శకుంతల అయింది. ఆ సంగతి ఇద్దరూ గమనించారు.

*

శకుంతలమ్మ రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి కట్టుకుంటే గానీ జంగయ్య ఆమెను ఆ బాల్కనీలోకి పోనివ్వలేదు. రెట్టల మీద నీళ్లు చల్లి, తడిపి, అట్టు గీకినట్టు పలకలు పలకలుగా తీసింది. బస్తాను కిందికి పంపించేసింది. పాత వాషింగ్ మెషిన్ జరిపి చూస్తే గోడమూల గూడు కనిపించింది. గూడంటే గూడు కాదు, నాలుగు పుల్లలు, రెండు వైరు ముక్కలు. అందులో రెండు పిల్లలు. పసుపుపచ్చని నూగు, ముఖం కన్నా పెద్ద ముక్కు. కళ్లు తెరిచి ఆమెను చూసి ఒళ్లు ఉబ్బించాయి.

వల కట్టడానికి వచ్చిన శాంసన్ తొంగి చూశాడు. "అమ్మా, కవర్ల ఏసి పక్కకు పారేస్త. అందరిండ్లల్ల గట్లనే చేస్తరు."

"వద్దు. రెక్కలొచ్చి లేసిపోయినంక ఫోన్ చేస్త, అప్పుడు రా."

శాంసన్ భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

ఆమె రోజూ పైకి వచ్చేది. గింజలు లేవు. మొదట్లో రెయిలింగు నిండా కూర్చునేవి. పొడిచేవి. అద్దం లోపల నిలబడి చూస్తుంటే ఆమెకు కూడా ఒళ్లు జలదరించేది. కసురుకున్నా పోవు, బతిమాలినా పోవు, ఎర్రటి కళ్లతో పక్కకు తిరిగి చూస్తూ ఉంటాయి. ఇన్నింటిని రాజ్యలక్ష్మి ఒంటరిగా ఎట్లా ఓర్చుకుందో అనుకుంది. వారం గడిచేసరికి గుంపు పలచబడింది. గూటి జంట మాత్రం పోలేదు. పొద్దెక్కాక ఒకటి వచ్చేది, రెండోది ఎగిరిపోయేది. పిల్లలు తల్లి గొంతులో ముక్కు దూర్చి తాగుతుంటే శకుంతలమ్మ పని మరిచి చూసేది. పిల్లలకు నూగు పోయి ఈకలు వచ్చాయి. ఇంకో వారం, అంతే అనుకుంది.

ఆ వారంలోనే, పిల్లలింకా ఎగరకముందే, పైపు పక్కన ఇంకో నాలుగు పుల్లలు కనిపించాయి. వాటి మీద రెండు తెల్ల గుడ్లు. పావురం మళ్లీ పొదగడానికి కూర్చుంది.

శకుంతలమ్మ లెక్క వేసుకుంది. ఈ గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగితే, ఆ పిల్లలు ఎగరకముందే ఇంకో రెండు పెడుతుంది. ఆగితే ఈ వల ఎప్పటికీ కట్టలేరు. తెనాలి నుంచి రోజూ ఫోను వస్తోంది. రాజ్యలక్ష్మి అడగదు గానీ అడగాలనే ఫోను చేస్తుంది.

జన్మంతా పిట్టల్ని తోలిన మనిషి. కానీ గూట్లో చెయ్యి పెట్టలేదు ఎన్నడూ. చెయ్యి చాపితే పావురం ఎగరలేదు, రెక్కతో కొట్టింది. ఆ దెబ్బ చిన్నదే గానీ మోచేతిదాకా జుమ్మంది. కిందికి చెయ్యి పోనిచ్చి రెండు గుడ్లూ తీసుకుంది. వెచ్చగా ఉన్నాయి. కొంగులో వేసుకుని వంటింట్లోకి వచ్చి నేల మీద కూర్చుంది. అవతల పావురం పుల్లల మీద తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. గుడ్లు చల్లారేదాకా ఆమె లేవలేదు. తర్వాత కిందికి పోయి, పూలమొక్కల మొదట్లో గుంట తీసి కప్పిపెట్టింది. ఆ పూట అన్నం సయించలేదు. జంగయ్య అడిగితే తలనొప్పి అంది.

సాయంత్రం ఫోన్లో రాజ్యలక్ష్మికి మాత్రం చెప్పింది.

"నేనైతే తియ్యలేకపోయేదాన్ని శకుంతలా."

"నాకు కూడా చాతకాలే అక్కా. అయినా తీసిన."

పిల్లలు రెండూ ఒక పొద్దున తడబడుతూ ఎగిరిపోయాయి. మరునాడే శాంసన్ వల బిగించి వెళ్లాడు.

*

పని అయిపోయింది. మళ్లీ శకుంతలమ్మ చేతులు ఖాళీ. దసరా పోయిన తర్వాత ఒకనాడు ఎనిమిదో అంతస్తు వల వెనక నిలబడి చూస్తుంటే, రోడ్డు అవతల బాల్‌రాజ్ నల్లరేగడి చేను మీద బూడిదరంగు గుంపు దిగడం కనిపించింది. బాల్‌రాజ్ ఆ చివర్నుంచి తువ్వాలు ఊపుతూ ఉరికొస్తున్నాడు. అతను వచ్చేసరికి గుంపు లేచి ఈ చివర దిగింది. అతను మళ్లీ ఇటు ఉరికాడు.

ఆమె కిందికి దిగి రోడ్డు దాటింది.

"ఏం చేయాలె పటేలమ్మా," అన్నాడు బాల్‌రాజ్, రొప్పుతూ. "శెనగ ఏసిన మొన్ననే. మొలక రానిస్తలేవు, గింజ గింజ ఏరుకోని తింటున్నయ్. ఎప్పుడు ఇన్ని రాలే ఇటు. ఏడికెల్లి వచ్చినయో ఏమో!"

ఎక్కడినుంచి వచ్చాయో శకుంతలమ్మకు తెలుసు. చెప్పేసింది కూడా. పైన గింజలు ఆపించి వల కట్టించింది తనేనని, ఆకలికి అవి ఇటు దిగాయని. బాల్‌రాజ్ తిడతాడనుకుంది. అతను నోరు తెరిచి, ఆ తొమ్మిదంతస్తుల కట్టడాన్ని, చేనును మార్చి మార్చి చూశాడు.

"నువ్వు నీ మల్లెతోటకు నీళ్లు పెట్టుకోవాలె కదా, పో. మొలకలు రెండాకులు పెట్టేదాక నేను కావలుంట" అంది ఆమె.

"మీరా? చేన్ల?"

"నేనే. ఓ పాత డబ్బా ఉంటే ఇయ్యి."

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి జంగయ్య సోఫాలో కూర్చోలేదు, నిలబడి ఉన్నాడు. వార్త ముందే చేరింది.

"బాల్‌రాజ్ చేన్ల కైకిలికి పోయినవా? మంది ఏమంటరు? జంగయ్య పొలమిచ్చి మేడ కట్టిచ్చుకుండు, పెండ్లామేమో కూలికి పోతుంది అంటరు!"

"కూలి తీసుకుంట లేను."

"ఇంకా మంచిగున్నది! ఉత్తగ పోతున్నవా?"

"ఏమయ్యో, ఒక మాట చెప్త విను." ఆమె గొంతు పెంచలేదు. "నీకు మొయినాబాద్ల హోటలున్నది. పొద్దుగాల పోతవ్, నలుగురితోని మాట్లాడుతవ్, ఆకలైతదని ఇంటికొస్తవ్. నాకు ఆకలే అయితలేదు. ఇయ్యాల అయింది. అన్నం పెట్టుకోని తింట, జరుగు."

జంగయ్య జరిగాడు. ఆమె తినడం చూస్తూ నిలబడ్డాడు. ఇంకేదో అనబోయి, నీళ్ల చెంబు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒప్పుకున్నాడని కాదు. మరునాడూ సణిగాడు, ఆ మరునాడూ సణిగాడు. ఆమె పోతూనే ఉంది.

దీపావళికి ముందు రాజ్యలక్ష్మి, వెంకటరావు తిరిగి వచ్చారు. ఆమె ముఖంలో రంగు వచ్చింది, దగ్గు చాలావరకు తగ్గింది. మెట్లు మాత్రం ఎక్కలేకపోయేది, వేగంగా నడవలేకపోయేది. అది అంతేనని డాక్టరమ్మ చెప్పింది. చేను దగ్గరికి వస్తానంటే శకుంతలమ్మ ఒప్పుకోలేదు. "పావురాలున్న కాడికి నువ్వెందుకు? మళ్ల దవాఖాననా?"

అందుకని రాజ్యలక్ష్మి వల వెనక కుర్చీ వేసుకుని కూర్చుని, పైనుంచి ఫోన్ చేసేది.

"శకుంతలా, రైల్వే ఫ్యాక్టరీ వైపు నుంచి వస్తున్నాయి. పెద్ద గుంపు."

"చూస్తున్న, చూస్తున్న." డబ్బా దడదడలాడేది. "హోయ్... హా!"

"నీ కేక ఇక్కడికి వినిపిస్తోంది. ఉజ్వల్ వాళ్ల కిటికీ మూసుకుంది." రాజ్యలక్ష్మి నవ్వేది. నవ్వితే కొంచెం దగ్గు వచ్చేది, ఆగేది.

శెనగ మొలిచింది. బాల్‌రాజ్ మూలన కొంత మళ్లీ విత్తుకోవలసి వచ్చింది, మిగతా చేను నిలిచింది. మొలకలు ఆకులు వేసి గట్టిపడ్డాక పావురాలు వాటిని ముట్టుకోవడం మానేశాయి. "ఇంక కావలి అక్కర లేదు పటేలమ్మా, మీ రుణం తీర్చుకోలేను" అన్నాడు బాల్‌రాజ్. ఆమె తలాడించింది గానీ గట్టు మీదినుంచి లేవలేదు.

ఫోను మోగింది. "ఇంకా అక్కడే ఉన్నావేం? అయిపోయిందన్నావుగా."

"ఏమో అక్కా. ఇంటికి పోబుద్ధి అయితలేదు."

ఆ మాట అంటుండగానే గుంపు నెత్తి మీదుగా పోయింది. ఈసారి ఈ చేనును చూడనైనా చూడలేదు. కొంచెం దూరం పోయి, వాలుగా తిరిగి, కాలువ అవతల కొత్తగా దున్నిన నేల మీద దిగింది.

శకుంతలమ్మ లేచి చీర దులుపుకుంది. "బాల్‌రాజ్, అవతలి చేను ఎవలది?"

"అంజిలయ్యది. నిన్ననే ఇత్తనం ఏసిండు."

ఆమె డబ్బా చంకన పెట్టుకుని గట్టు మీద నడక మొదలుపెట్టింది. రోడ్డు మీద కారు ఆగి, జంగయ్య హారన్ కొట్టాడు. అన్నం వేళయింది. ఆమె వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఆగమని చూపించి, కాలువ వైపు నడుస్తూ పోయింది. జంగయ్య ఇంజిను ఆపి, అద్దం దించి, కూర్చున్నాడు.